శూలగిరి దాటితే ఆగిపోయే చల్లగాలి

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున శూలగిరి దాటి దిగుడులో పోతుంటే కారులో చల్లగాలి ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి వస్తూనే ఉంది. కానీ అది కట్టెల పొయ్యి ముందు కూర్చున్నప్పుడు మొహానికి తగిలే గాలి. మీట తిప్పి చూశాను. ఆపి మళ్ళీ వేశాను. అద్దం దించితే బయటి గాలి ఇంకా వేడిగా, క్వారీ లారీల దుమ్ముతో వచ్చి మీద పడింది.

ఇంకొకరికయితే ఇది చెమట తుడుచుకుంటే పోయే సంగతి. నాకు అలా కుదరదు. నాకొక నరాల జబ్బు ఉంది. నరాల మీద ఉండే పొర అక్కడక్కడా దెబ్బతింటుంది. మందులతో అదుపులోనే ఉంది, చూసేవాళ్ళకు తెలియదు కూడా. ఒళ్ళు వేడెక్కితే మాత్రం ఎడమ కన్ను మసకబారుతుంది, మోకాళ్ళలో బలం పోతుంది. చల్లబడితే మళ్ళీ మామూలవుతాను. బెంగుళూరు డాక్టరమ్మ ఈ సంగతంతా మా ఆయన ఎదుటే చెప్పింది. కారు నడపొచ్చు, ఒళ్ళు మాత్రం వేడెక్కకూడదు, మసక మొదలైతే ఎక్కడున్నా ఆపేయాలి అంది. ఆ మాట మీదనే మా ఇంట్లో నా చేతికి తాళాలిచ్చారు. చల్లగాలి లేకపోతే నాకు కారు లేదు.

కారు లేకపోతే బడి లేదు. నేను తెలుగు టీచరును. మేముండేది తమిళనాడులోని హోసూరులో, నా బడి కృష్ణగిరి దాటాక వేపనపల్లి దారిలో ఉంది. బస్సులో పోవాలంటే నిలబడి పోవాలి, కృష్ణగిరి బస్టాండులో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి.

ఆ రోజు మామిడితోట కంచె పక్కన కాస్త నీడ కనపడితే కారు ఆపాను. రోడ్డు మీది తెల్లగీత అప్పటికే అంచులు చెదిరి కనిపిస్తోంది. కుడికన్ను మూసి చూస్తే ఎదురుగా ఉన్న బోర్డు మీద అక్షరాలు ఉన్నాయని తెలిసింది గానీ అవేమిటో తెలియలేదు. టవలు తడిపి మెడకు చుట్టుకుని, తలుపు తెరుచుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కాలు ఆడించాను. ఫోను తీసి పెట్టేశాను, మళ్ళీ తీశాను. కంచె వెనక పిందెలు లెక్కపెట్టబోయి, ఒక కంటితో లెక్క తప్పి ఊరుకున్నాను.

కొంతసేపటికి చూపు సర్దుకుంది. కారు స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు చల్లగాలి వచ్చింది.

అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పూర్తిగా చెడిపోతే బాగు చేయించుకుంటాం. పోయి, వచ్చి, మళ్ళీ ఎప్పుడు పోతుందో చెప్పని దాన్ని ఏం చేయాలి? బడికి చేరేదాకా ఒక చెయ్యి గాలి వచ్చే కంత దగ్గరే పెట్టుకుని నడిపాను.

సాయంత్రం మా ఆయనా నేనూ హోసూరులో ఏసీలు చూసే షాపుకు పోయాం. హోసూరు ఎత్తు మీది ఊరు, పొద్దు వాలితే ఏప్రిల్‌లో కూడా గాలి మెత్తబడుతుంది. మెకానిక్ గొట్టాలకు మీటర్లు తగిలించి చూశాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "గ్యాసు సరిగ్గా ఉండాది సార్. ఐసు మాదిరి వస్తా ఉంది" అన్నాడు.

"ఈడ బాగానే వస్తుందప్పా. దిగుడులో పోయేటప్పుడు ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే మళ్ళీ వస్తుంది" అన్నాను నేను.

"బాగుండేదాన్ని ఏమని రిపేరు చేసేది మేడం? ఆగిపోయినప్పుడు తీసుకురండి."

అతను చెప్పింది తప్పు కాదు. ఆగిపోయినప్పుడు తీసుకురావాలంటే వేడిలో వెనక్కి ఘాట్ రోడ్డు ఎక్కి రావాలి. పైకి చేరేసరికి అది మళ్ళీ పనిచేస్తుంది. మరునాడు అదే దిగుడులో అదే జరిగింది. ఇంకో షాపుకు పోతే వాళ్ళు ఉన్న గ్యాసు తీసేసి కొత్త గ్యాసు నింపారు. ఒక రోజు బాగుంది. ఆ రోజు కాస్త మబ్బు పట్టి ఉంది. ఎండ కాసిన రోజు మళ్ళీ ఆగిపోయింది.

ఆ తర్వాత బస్సులో పోయాను. రెండో రోజు కృష్ణగిరి బస్టాండులో దిగేటప్పుడు మెట్టు ఎక్కడుందో కనపడలేదు. కాలు గాలిలో పెట్టి, కమ్మీ పట్టుకుని వేలాడి, ఎలాగో నేల మీద నిలబడ్డాను. పూలమ్మే ఆమె తన నీళ్ళ చెంబు ఇచ్చి, పూలబుట్ట జరిపి కూర్చోబెట్టింది. పూలకు చల్లే నీళ్ళే నా మొహం మీద కూడా చల్లింది. ఆ సంగతి ఇంట్లో చెప్పాను. ఇలాంటివి దాచకూడదని మా ఒప్పందం.

మా ఆయన మెల్లగా, "ట్రాన్స్‌ఫర్ అడుగు. హోసూరులో దొరికేదాకా లీవు పెట్టు" అన్నాడు.

"హోసూరులో తెలుగు పోస్టు ఖాళీ యాడుంది బావా?"

"లేకపోతే ఇంట్లో ఉండు. నేను సంపాదిస్తా ఉండాను కదా."

"ఇంట్లో ఉండి ఏమి చేసేది?"

అతను నా బావే. మా నాయన చెల్లెలి కొడుకు. ఆవిడే మా అత్త, మాతోనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి కాబట్టి అతని గొంతులో ఉన్నది కోపం కాదని నాకు తెలుసు. తెలిసినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆ రెండు మూడు రోజులూ ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. పేపర్లు దిద్దడానికి కూర్చుని, లేచి పోయి కారు బానెట్ ఎత్తి చూసి వచ్చాను. చూస్తే ఏం తెలుస్తుంది? నల్లటి గొట్టాలు, దుమ్ము.

తెలియకపోతే తెలుసుకుందామని ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. తమిళంలో చూశాను, హిందీలో చూశాను, మాటలే లేకుండా చేతులు మాత్రమే కనపడేవి చూశాను. కూరలు తరుగుతూ చూశాను. ఒక సంగతి అర్థమైంది. ఇంజను తిరిగినంతసేపూ బెల్టుతో పాటు తిరిగే చక్రం ఒకటి ఉంటుంది. దాని ముందు చిన్న పళ్ళెం లాంటి రేకు ఉంటుంది. మనం ఏసీ వేసినప్పుడు లోపలున్న అయస్కాంతం ఆ పళ్ళాన్ని లాగి చక్రానికి అతికిస్తుంది. 'టక్' మని చప్పుడవుతుంది. అప్పుడే కంప్రెసర్ తిరిగి చల్లదనం పుడుతుంది. పళ్ళెం అతుక్కోకపోతే గ్యాసు ఎంత ఉన్నా లాభం లేదు.

ఆదివారం వచ్చింది. మా ఆయనకు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. అతను పోగానే కారును ఎండలోకి తీశాను. హోసూరు చల్లదనంలో తప్పు కనపడడం లేదు కాబట్టి ఇంటి ముందే కృష్ణగిరి ఎండ తయారు చేయాలని నా ఆలోచన. బానెట్ మూసి, ఏసీ పూర్తిగా పెట్టి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, నేను వరండా నీడలో తడిటవలు నెత్తిన వేసుకుని నిలబడ్డాను.

అత్త బియ్యం చాట పట్టుకుని బయటికి వచ్చింది. "ఏమి పాపా, ఎవరూ లేని బండికి ఏసీ వేసినావు?"

"అది చెడిపోయేదాకా చూడాలత్తా."

"చెడిపోయేదానికి ఎదురు చూసేదాన్ని నిన్నే చూస్తా ఉండాను" అని గోడకు ఆనుకుని కూర్చుంది. కానీ లోపలికి పోలేదు.

నేను కారు దగ్గరికి పోవడం, చెయ్యి పెట్టి చూడడం, నీడలోకి రావడం. మళ్ళీ పోవడం. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. చల్లగానే ఉంది. ఇంత ఎండలోనూ చల్లగా ఉంటే నాకే పిచ్చేమో అనిపించసాగింది. అత్త బియ్యం ఏరడం అయిపోయి, చాట పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కారునే చూస్తోంది.

ఆగిపోయింది. చెయ్యి పెట్టిన నాకు వెంటనే తెలిసింది. గాలి మెల్లగా వెచ్చబడి, ఆ పొయ్యి గాలి అయింది.

చెడిపోయిందని అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. పరుగున పోయి బానెట్ ఎత్తాను. ముందర ఫ్యాను తిరుగుతోంది. రెండు గొట్టాలు పట్టుకుని చూశాను. బాగున్నప్పుడు వాటిలో ఒకటి చెమట పట్టినంత చల్లగా ఉండేది. ఇప్పుడు రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. వంగి కింద చూస్తే చక్రం తిరుగుతోంది, దాని ముందు పళ్ళెం కదలకుండా నిలబడి ఉంది.

ఇంజను ఆపకుండానే ఒక్కొక్కటే చూశాను. ఆపితే చల్లబడి మళ్ళీ మాయమవుతుందని భయం. ఫ్యూజు బాగుంది. ఏసీకి కరెంటు పంపే చిన్న పెట్టె లాంటి రిలే తీసి, హారన్‌కు ఉన్నదాన్ని ఆ స్థానంలో పెట్టాను. పళ్ళెం కదలలేదు. తీసిన రిలేను హారన్ స్థానంలో పెట్టి నొక్కితే వీధంతా మోగింది. అత్త ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, ఏమయ్యింది?"

"ఏమీ కాలేదత్తా. ఇది మంచిదే అని తెలిసింది."

"మంచిదని తెలిసేకి ఊరినంతా లేపాల్నా?"

తర్వాత పాత స్కూటర్ ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు కట్టి, అయస్కాంతానికి పోయే తీగ దగ్గర పెట్టాను. బల్బు వెలిగింది. కరెంటు అక్కడి దాకా వస్తోంది. అంటే అయస్కాంతానికి బలం ఉన్నా పళ్ళెం అందడం లేదు. వాడి వాడి అరిగిపోయి, పళ్ళానికీ చక్రానికీ మధ్య సందు పెరిగి ఉంటే, వేడెక్కినప్పుడు అయస్కాంతం లాగలేదని ఒక వీడియోలో చెప్పారు. అదో కాదో తెలియాలంటే ఒకటే దారి. పళ్ళాన్ని కర్రతో కాస్త లోపలికి నెట్టాలి.

అత్త కెలమంగలంలో ఉన్నప్పుడు పట్టుపురుగులు పెంచేది. ఆ తట్టల స్టాండు తాలూకు వెదురు బద్దలు ఇంకా మా మెట్ల కింద ఉన్నాయి. వాటిలో పొడవైనదొకటి లాక్కొచ్చి, తిరుగుతున్న ఇంజను మీదికి వంగాను.

వెనక నుంచి నా జడ పట్టుకుని అత్త ఒక్క గుంజు గుంజింది. "యాడికి వంగుతా ఉండావు? ఈ జడ ఆ బెల్టులో పడితే తలకాయ కూడా పోతుంది!"

"జాగ్రత్తగానే ఉండానత్తా..."

"గమ్మున నిలబడు." నన్ను వెనక్కి తిప్పి, జడ ముడి చుట్టి, తన తలలోని పిన్నులు తీసి ఒక్కొక్కటే గుచ్చింది. నా చున్నీ లాగి తన భుజాన వేసుకుంది. చేతి గాజులు వెనక్కి తోసి చూసి, నచ్చక, తీసి తన కొంగున కట్టుకుంది. ఆ పని ముగిసేదాకా నేను పసిపిల్లలా చేతులు చాపి నిలబడ్డాను, కాళ్ళు మాత్రం నిలవలేదు. "ఇప్పుడు పో" అంది. పోయాక కూడా నా కుర్తా వెనక అంచు పట్టుకునే ఉంది.

బద్ద చివరను పళ్ళెం మధ్యలో ఆనించి నెట్టాను.

టక్.

ఇంజను చప్పుడు ఒక్క క్షణం బరువెక్కింది. పళ్ళెం చక్రంతో పాటు గిర్రున తిరిగింది. నేను బద్ద పడేసి కారు తలుపు వైపు పోయేలోపే అత్త పోయి లోపల చెయ్యి పెట్టింది.

"వచ్చిందే! పాపా, చల్లగా వచ్చిందే!"

ఇద్దరం వీధిలో అరుచుకుంటూ ఉండగా మా ఆయన బండి వచ్చి ఆగింది. అతను హెల్మెట్ కూడా తీయలేదు. ఎత్తి ఉన్న బానెట్‌నూ, నేల మీది బద్దనూ, నన్నూ చూశాడు.

"ఎండలో ఏమి చేస్తా ఉండావు?"

"దొరికింది బావా. గ్యాసు కాదు, ఏమీ కాదు, ఆ సందు పెద్దదైంది. అంతే."

"నన్ను చూడు."

"చూస్తానే ఉండాను."

"నా మొహం ఈ పక్క ఉండాది" అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఎడమ పక్క అంతా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. ఎప్పటి నుంచో తెలియదు. ఆ తొందరలో నేను చూసుకోలేదు. ఒక అడుగు వేయబోతే మోకాలు మడత పడింది. అతను ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఇంకో చేత్తో కారు ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

అత్త నన్ను బాత్‌రూములో స్టూలు మీద కూర్చోబెట్టి, బట్టలతోనే నెత్తిన నీళ్ళు పోసింది. పోస్తూ నన్ను తిట్టింది, కొడుకును తిట్టింది, కారు అమ్మినవాణ్ణీ తిట్టింది. తర్వాత హాల్లో తడి బండల మీద ఫ్యాను కింద పడుకున్నాను. మా ఆయన గడప మీద కూర్చున్నాడు. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"ఒక దినం నువ్వు ఇట్లనే చూసుకోకుండా ఉంటే?" అన్నాడు. "ఆడ, లారీల మధ్యన?"

"అందుకే కదా దీన్ని బాగు చేయాలని చూస్తా ఉండేది."

"ఇది బాగైతే ఇంకొకటి పోతుంది."

"పోతే దాన్నీ చూస్తాము."

"ఎంతకాలమని చూస్తావు?"

పైన ఫ్యాను రెక్కలు మూడో నాలుగో తెలియకుండా తిరుగుతున్నాయి. "నాకు ఇంట్లో కూర్చుంటే భయం ఎక్కువవుతుంది బావా" అన్నాను. "పని ఉంటే దాని మీద ధ్యాస ఉంటుంది. లేకపోతే పొద్దన్నుంచి సాయంత్రందాకా నా కన్నునే చూసుకుంటా ఉంటాను."

వంటింట్లో అత్త గిన్నెలు చప్పుడు చేస్తోంది. నా చూపు మెల్లగా అంచుల నుంచి తేటపడింది. ఫ్యాను రెక్కలు మూడే. అప్పుడు అతను, "సందు ఎంత ఉండాది?" అని అడిగాడు.

"కొలవలేదు. కంటికే కనపడుతుంది."

లేచి పోయి తన పనిముట్ల సంచి తెచ్చాడు. ఫ్యాక్టరీలో అతని పని యంత్రాలు బిగించడం. సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట ఒకటి ఎప్పుడూ ఆ సంచిలో ఉంటుంది. "అన్నం తిని పడుకో. ఎండ తగ్గినాక చూద్దాం" అన్నాడు. నేను తిన్నాను. పడుకోలేదు. కిటికీలోంచి గోడ నీడ కారు మీదికి ఎప్పుడు పాకుతుందా అని చూస్తూ గదిలో అటూ ఇటూ తిరిగాను.

నీడ వచ్చాక, ఇంజను పూర్తిగా చల్లారాక, జాకీ పెట్టి కారు ముందు టైరు ఊడదీశాం. ఆ పక్కనుంచి చూస్తే కంప్రెసర్ చేతికి అందేలా కనపడింది. మా ఆయన పడుకుని కొలిచాడు. ఒక రేకు పెట్టాడు, రెండు కలిపి పెట్టాడు, మూడోది కూడా దూరింది.

"చాలా ఉండాది. పోస్టుకార్డు మందం కన్నా ఎక్కువ ఉండకూడదు ఇది" అన్నాడు. గొంతులో ఇందాకటి బరువు లేదు. ఫ్యాక్టరీ మనిషి గొంతు వచ్చింది.

పళ్ళెం నడిమి బోల్టు తీయాలి. అతని చెయ్యి లావు, ఆ సందులో స్పానర్‌తో పాటు పట్టలేదు. పాత బెల్టు ముక్కను పళ్ళానికి చుట్టి తిరగకుండా అతను బిగించి పట్టుకున్నాడు. నేను తిప్పాను. మొదట కదలలేదు. రెండోసారి పళ్ళు బిగించి లాగితే కిర్రుమని వదిలింది. పళ్ళెం ఊడి నా అరచేతిలోకి వచ్చింది, అంచంతా నీలంగా కమిలి ఉంది. దాని వెనక గ్రీజులో అతుక్కుని రెండు సన్నటి వాషర్లు ఉన్నాయి. సందు ఎంత ఉండాలో తేల్చేవి అవే. ఒకటి తీసేస్తే పళ్ళెం ఆ మేరకు లోపలికి జరుగుతుంది.

గోటితో గీకి ఒకదాన్ని పైకి లేపాను. అది ఎగిరి, సిమెంటు మీద పడి, అంచు మీద నిలబడి మోరీ కాలవ వైపు దొర్లింది. నేనూ మా ఆయనా కింద పడుకుని ఉన్నాం, లేచే దారి లేదు. అత్త ఒక్క అంగలో వచ్చి దాని మీద కాలు వేసింది.

"ఇదేనా?"

"అదే అత్తా, కాలు తీయొద్దు!"

"తీయను. నువ్వు తీసుకో."

తీసింది రెండింటిలో మందంగా ఉన్న వాషరు. అన్నీ బిగించి చక్రాన్ని చేత్తో తిప్పితే పళ్ళెం దానికి రాసుకుని గరగరమంది. సందు అసలే లేకుండా పోయింది. అలా వదిలితే ఏసీ వేయకపోయినా రాపిడి తగులుతుంది, కాలిపోతుంది. మళ్ళీ విప్పాం. ఈసారి మందపాటిదాన్ని పెట్టి పల్చటిదాన్ని తీసేశాం. బోల్టు బిగించి, నేను కళ్ళు మూసుకుని వేలితో చక్రాన్ని తోశాను. చప్పుడు లేకుండా తిరిగింది. మా ఆయన రేకు పెట్టాడు. ఒకటే పట్టింది, రెండోది పోలేదు.

"ఆఁ" అన్నాడు. ఇద్దరం అలా నేల మీదే కాసేపు పడుకుండిపోయాం. అతని చెవి పక్కన గ్రీజు అంటింది.

ఇంజను వేస్తే గట్టిగా టక్‌మంది, చల్లగాలి వచ్చింది. కానీ అప్పటికి సాయంత్రం గాలి తోలుతోంది. ఆ చల్లదనం ఎప్పుడూ ఉన్నదే. దాన్ని నమ్మడానికి నాకు మనసు రాలేదు. మరునాడు మా ఆయనకు వారపు సెలవు. నేనూ బడికి సెలవు పెట్టాను. ఎండ బాగా ముదిరాక, అందరూ తలుపులు వేసుకుని పడుకునే వేళకు బయల్దేరాం. అత్త పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"నేను నడుపుతాను" అన్నాను.

మా ఆయన తాళం చేతిలో పట్టుకుని కాస్త ఆగాడు. తర్వాత ఇచ్చాడు. పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా రోడ్డును కాకుండా నన్నే చూశాడు.

శూలగిరి వచ్చింది. చల్లగా ఉంది. దిగుడు మొదలైంది. నేను మామిడితోట కంచె ఎక్కడుందో చూడకూడదనుకుని చూశాను, అది వెనక్కి పోయింది. చల్లగానే ఉంది. కృష్ణగిరి వంతెన కింద సిగ్నల్ దగ్గర ఇంజను వేడి మీద నిలబడ్డప్పుడు నా చెయ్యి దానంతటదే గాలి కంత దగ్గరికి పోయింది. అక్కడ అప్పటికే మా ఆయన చెయ్యి ఉంది. చల్లగానే ఉంది.

"సరే, తిప్పు. ఇంటికి పోదాం" అన్నాడు.

"ఇంకొంచెం దూరం పోదాం."

"ఇంకేమి చూడాల?"

"ఇంకా వేడి చోటికి పోవాలి బావా."

వెనక నుంచి అత్త, "ఇంకా వేడి అంటే ఊత్తంగరైకి పోదాం. మా అక్క ఉండాది" అంది.

అలా ఊత్తంగరై దారి పట్టాం. మత్తూరు దాటాక ఒక లారీ చక్రం ఊడి రోడ్డుకు అడ్డంగా ఉంది. ముందూ వెనకా బండ్లు. చెట్టు లేదు. తారు మీద నుంచి ఆవిరి లేస్తోంది. బైకుల వాళ్ళు నెత్తిన గుడ్డలు కప్పుకుని నిలబడ్డారు. ఎంతసేపు ఉన్నామో తెలియదు, ఇంజను వేడి సూచించే ముల్లు నడిమి దాటింది. ఇక్కడ ఆగిపోతే దిగడానికి నీడ కూడా లేదు. నేను స్టీరింగ్ వదిలి వేళ్ళు విరుచుకున్నాను, అద్దం సర్దాను, సీటు ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. అప్పుడప్పుడూ కుడికన్ను మూసి ముందున్న లారీ మీది నంబరు చదివాను. చదవగలిగాను. మళ్ళీ చదివాను.

"కొంచెం తగ్గించు పాపా, చలి పెడతా ఉంది" అంది అత్త.

మా ఆయన నవ్వాడు. ఆ వారంలో అతను నవ్వింది అదే మొదటిసారి. నేను తగ్గించలేదు. అత్త కొంగు తల మీదుగా కప్పుకుంది.

ఆ పళ్ళెం ఆ వేసవంతా పనిచేసింది, తర్వాతి వేసవీ పనిచేసింది. ఆ పైన లోపలి అయస్కాంతమే పోతే షాపులో కొత్తది వేయించాం. వానాకాలంలో ఒకసారి నా జబ్బు తిరగబెట్టింది. దానికీ ఎండకూ సంబంధం లేదు, ఏసీకీ సంబంధం లేదు. ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి వచ్చాను. మళ్ళీ నడిపేదాకా సమయం పట్టింది, కానీ నడిపాను. ట్రాన్స్‌ఫర్ మాట మా ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. రాని రోజుల్లో కూడా అది ఎక్కడో గదిలో కూర్చునే ఉంటుంది. నేను దాని చుట్టూ తిరుగుతూ పనులు చేసుకుంటాను.

ఆ రోజు ఊత్తంగరై చేరేసరికి పొద్దు వాలుతున్నా ఎండ ఇంకా తగ్గలేదు. అత్త వాళ్ళ అక్క, మా పెద్దత్తది రేకుల ఇల్లు. కరెంటు లేదు. ఆవిడ విసనకర్రతో గడపలో కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి, "యాడి నుంచి వస్తివే?" అని లేచింది. అక్కచెల్లెళ్ళు చూసుకుని చాలా కాలమైంది. లోపల కూర్చోబెట్టాలని చూసింది గానీ ఆ రేకుల కింద మనిషి నిలిచేలా లేదు. నన్ను చూసి అత్తకే తోచింది.

"అక్కా, కారులో కూర్చుందాం రా. చల్లగా ఉండాది."

పెద్దత్త చెప్పులు బయట విడిచి కారు ఎక్కింది. ఎక్కి, మొహానికి తగిలిన గాలికి కళ్ళు మూసుకుని, "అమ్మా..." అంది. వేపచెట్టు పక్కన ఇంజను నడుస్తుండగా ఇద్దరూ వెనక సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి పెళ్ళిలోనో ఎవరో అలిగిన సంగతి, పట్టుపురుగులన్నీ చచ్చిపోయిన ఏడాది సంగతి, మా నాయన చిన్నప్పుడు తప్పిపోయి సంతలో దొరికిన సంగతి, ఒకదాని మీద ఒకటి చెప్పుకున్నారు. మా ఆయన బయట గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ చెమటలు కక్కుతున్నాడు, లోపలికి రమ్మంటే చోటు లేదని నవ్వాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని వాళ్ళ మాటలు వింటూ, మధ్య మధ్య ఇంజను చప్పుడు వింటూ ఉన్నాను.

"పోదామా అత్తా?" అని అడిగాను కొంతసేపటికి.

"ఏమి తొందర నీకు?" అంది పెద్దత్త, కళ్ళు తెరవకుండానే. "ఉండనీ."